కర్క్యుమిన్ నానోఎమల్షన్: మందు బయటికి రావాలి, వెలుతురుకి చెడకూడదు. ఫార్ములా కుదుర్చుకునేదెలా?

పసుపు అంటిన తెల్లచొక్కాని సబ్బుతో రుద్దితే మరక ఎర్రబడుతుంది. అదే చొక్కాని జాడించి రెండు రోజులు ఎండలో ఆరేస్తే మరక దాదాపు కనబడకుండా పోతుంది. మన ఇళ్లల్లో అందరం చూసిందే. ఎంఫార్మసీ ప్రాజెక్ట్‌కి కర్క్యుమిన్ (పసుపుకి ఆ రంగునిచ్చే పదార్థం) తీసుకున్నవాళ్లకి రాబోయే తిప్పలన్నీ ఆ చొక్కా మీదే ఉన్నాయి. సబ్బులోని క్షారానికి కర్క్యుమిన్ రంగు మారుతుంది, కాసేపటికి విరిగిపోతుంది కూడా. ఎండలోని నీలి, ఊదా కాంతిని పీల్చుకుని విరిగిపోతుంది. ఇవి చాలవన్నట్టు నీళ్లలో కరగదు.

నీళ్లలో తేలే అతి చిన్న నూనె బిందువుల్లో, అంటే నానోఎమల్షన్‌లో, దాచేస్తే ఈ తిప్పలన్నీ తీరిపోతాయని సెమినార్లలో చెప్తుంటారు. సగం నిజం. బిందువు చిన్నదైతే మందు తొందరగా బయటికి వస్తుంది. కానీ మందుకి బయటికి దారి ఇచ్చిన ఆ బిందువు గోడే వెలుతురుకీ, ఆక్సిజన్‌కీ, నీళ్లకీ కూడా దారి ఇస్తుంది. కాబట్టి "బెస్ట్ ఫార్ములా" అని ఒకటి ఉండదు. మీకు ఏది ఎంత కావాలో తేల్చుకుని బేరం కుదుర్చుకోవాలి. ఆ బేరం ఎలా చేయాలో వరసగా చెప్తాను. ల్యాబ్‌లో ముఖ్యంగా కావలసినవి ప్రోబ్ సోనికేటర్ (ధ్వని తరంగాలతో బిందువుల్ని చిన్నవి చేసేది), యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ (ద్రావణం కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచేది). హెచ్‌పీఎల్‌సీ (కలిసి ఉన్న పదార్థాల్ని విడదీసి కొలిచే యంత్రం) దొరికితే అదృష్టం.

1. ముందు మందు ఎక్కడ వాడతారో రాసుకోండి

నోటి ద్వారా ఇచ్చేదా, చర్మానికి రాసేదా? నోట్‌బుక్ మొదటి పేజీలో ఒక్క వాక్యంలో రాయండి. నోటిమందుకి వెలుతురుతో పని సీసాలో ఉన్నంతసేపే. చర్మానికి రాసేది పలచటి పొరలా పరుచుకుని నేరుగా ఎండలోకి వెళ్తుంది. ఈ తేడా చివరిదాకా మన వెంటే వస్తుంది.

2. నూనెని ఎంచుకోవడం

నాలుగైదు నూనెలు తీసుకోండి. ఒక్కోటీ 2 గ్రాములు చిన్న సీసాలో పోసి, కరగకుండా అడుగున మిగిలేంత కర్క్యుమిన్ వేసి, అల్యూమినియం ఫాయిల్ చుట్టి, షేకర్‌లో 48 నుంచి 72 గంటలు ఉంచండి. సెంట్రిఫ్యూజ్ చేసి, పైతేటని మెథనాల్‌తో పలచన చేసి 425 నానోమీటర్ల దగ్గర చదవండి.

ఎంసీటీ ఆయిల్‌లో (మధ్యస్థ పొడవు గొలుసుల నూనె) సాధారణంగా పొద్దుతిరుగుడు, సోయా లాంటి పొడవు గొలుసు నూనెల కంటే కర్క్యుమిన్ ఎక్కువ కరుగుతుంది. అయినా గ్రాముకి కొన్ని మిల్లీగ్రాములే. ఇక్కడ అత్యాశ పనికిరాదు. సాచురేషన్ దాకా, అంటే ఇక కరగనంతగా, నింపితే చల్లబడగానే మందు స్ఫటికాలుగా బయటికొచ్చి అడుగున పచ్చటి ఇసుకలా పేరుకుంటుంది. కరిగే మొత్తంలో 70, 80 శాతం దగ్గర ఆగండి.

కరగడం ఒక్కటే చూసి ఎంచుకోకండి. పొద్దుతిరుగుడు, సోయా, ఓలిక్ ఆసిడ్ వీటన్నిటిలో డబుల్ బాండ్లు ఉంటాయి. గాలికీ వెలుతురుకీ వాటిలో పెరాక్సైడ్లు పుడతాయి, అవి కర్క్యుమిన్ మీద పడతాయి. దాచిపెడుతుందని తెచ్చుకున్న నూనే దొంగకి తలుపు తీసినట్టు. ఎంసీటీ గొలుసులు సాచురేటెడ్ కాబట్టి ఆ బెడద తక్కువ.

"కొబ్బరినూనె వాడొచ్చా?" అని ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా అడుగుతారు. కొబ్బరినూనెలో ఎక్కువ భాగం లారిక్ ఆమ్లం. సుమారు 24 డిగ్రీల కిందికి వస్తే గడ్డకడుతుంది. చలికాలం పొద్దున్నే బాత్రూంలో నూనె సీసాని వేడినీళ్లలో పెట్టుకోవడం గుర్తు తెచ్చుకోండి. బిందువులో నూనె గడ్డకడితే మందుని బయటికి నెట్టేస్తుంది. ఎంసీటీ కూడా చాలావరకు కొబ్బరి, పామ్ కెర్నెల్ నూనెల నుంచి వచ్చేదే, కానీ అందులో ఎనిమిది, పది కార్బన్ల ఆమ్లాలనే వేరుచేసి వాడతారు. అందుకే చలికి కూడా ద్రవంగానే ఉంటుంది.

3. సర్ఫాక్టెంట్: ఎంత తక్కువ వేస్తే పని జరుగుతుందో అంత

సర్ఫాక్టెంట్ అంటే నూనెనీ నీళ్లనీ కలిపి ఉంచే సబ్బులాంటి పదార్థం. ట్వీన్ 80 అనే దానితో మొదలుపెట్టండి. హెచ్ఎల్‌బీ (నీళ్ల వైపు ఎంత మొగ్గుతుందో చెప్పే అంకె) 15, నూనెని నీళ్లలో నిలబెట్టడానికి సరిపోతుంది. బిందువు సైజు తగ్గాలని ట్వీన్‌ని గుప్పిట్లతో పోసేవాళ్లే ఎక్కువ. పోస్తే ఏమవుతుందో ఒక లెక్క చూడండి.

1 మి.లీ. ఎమల్షన్‌లో 10 శాతం నూనె ఉందనుకోండి. బిందువుల వ్యాసం 200 నానోమీటర్లయితే వాటి మొత్తం ఉపరితలం 3 చదరపు మీటర్లు. వ్యాసం 50 నానోమీటర్లకి తగ్గితే 12 చదరపు మీటర్లు. ఓ చెంచాలో ఐదో వంతు ద్రవంలో ఓ చిన్న గది నేలంత గోడ! ఆ గోడ అంతా మందు బయటికి వచ్చే దారి, విడుదల పెరుగుతుంది. కర్క్యుమిన్ అణువు పూర్తిగా నూనెని ప్రేమించేది కూడా కాదు. గోడకి ఆనుకుని కూర్చునే అలవాటు దానికి ఉంది. గోడ పెరిగేకొద్దీ లోపల దాక్కునే కర్క్యుమిన్ తగ్గి, అంచున కూర్చునేది పెరుగుతుంది.

గోడ కప్పగా మిగిలిన ట్వీన్ ఊరికే ఉండదు. నీళ్లలో మిసెల్స్ (ట్వీన్ అణువుల చిన్న ముద్దలు) కట్టి, నూనెలోంచి కర్క్యుమిన్‌ని తనలోకి లాక్కుంటుంది. మిసెల్‌లో ఉన్న మందుకి నూనె రక్షణ లేనట్టే. పైగా ట్వీన్ 80లో ఉన్నది ఓలియేట్, దానికీ పెరాక్సైడ్లు పుట్టే గుణం ఉంది. మూత తీసి ఏడాదైన సీసా ల్యాబ్ అలమరలో ఉంటే దాన్ని వదిలేసి కొత్తది తెరవండి.

కో-సర్ఫాక్టెంట్లు, అంటే ట్రాన్స్‌క్యుటాల్, పెగ్ 400, ప్రొపిలీన్ గ్లైకాల్, బిందువు సైజు తగ్గిస్తాయి, నీళ్ల భాగంలో మందు కరిగేలా కూడా చేస్తాయి. విడుదలకి మంచిది, వెలుతురుకి చెడ్డది. అదే కథ.

ఒక చిన్న చిరాకు ఇక్కడే చెప్పేస్తాను. సూడోటెర్నరీ డయాగ్రం (నూనె, సర్ఫాక్టెంట్లు, నీళ్ల పాళ్లు చూపే త్రిభుజం) గీసి, నీళ్లు చుక్కచుక్కగా టైట్రేట్ చేసి, తేటగా వచ్చిన చోటల్లా "నానోఎమల్షన్ ప్రాంతం" అని రాసే థీసిస్‌లు కోకొల్లలు. కలిపిన వెంటనే దానంతట అదే తేటగా ఏర్పడి, ఎన్నాళ్లున్నా అలాగే ఉండేది మైక్రోఎమల్షన్. నానోఎమల్షన్ సాధారణంగా బలవంతంగా చిలికితే వచ్చేది. ఎన్నాళ్లకో ఒకనాడు విడిపోయేదే, మనం ఆ రోజుని వాయిదా వేస్తామంతే. వైవాలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది.

4. ఫార్ములాలు: ఒక్కసారికి ఒక్కటే మార్చండి

నేనైతే ఇలా వేసుకుంటాను. అన్నిటిలోనూ కర్క్యుమిన్ మి.లీ.కి 0.3 మి.గ్రా., మార్చకూడదు. ఎందుకో ఎనిమిదో అంచెలో తెలుస్తుంది.

- ఎఫ్1: ఎంసీటీ 10 శాతం, ట్వీన్ 80 5 శాతం, మిగతాది పీహెచ్ 5 సిట్రేట్ బఫర్ (పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణం). ఇది మూలం.
- ఎఫ్2: ట్వీన్ 10 శాతం, మిగతా అంతా ఎఫ్1.
- ఎఫ్3: ఎంసీటీ బదులు పొద్దుతిరుగుడు నూనె.
- ఎఫ్4: ఎంసీటీ 20 శాతం, ట్వీన్ 10 శాతం. దీన్ని ఎఫ్2తో పోల్చండి, మారింది నూనె ఒక్కటే.
- ఎఫ్5: ఎఫ్1కి నూనెలో 0.1 శాతం ఆల్ఫా టోకోఫెరాల్, నీళ్లలో 0.05 శాతం ఈడీటీఏ. ఆక్సీకరణని తగ్గించే ఈ రెండూ కలిపి ఒకటే మార్పు కింద లెక్క.

పొద్దుతిరుగుడులో మి.లీ.కి 0.3 మి.గ్రా. సరిపడా కర్క్యుమిన్ కరగకపోతే అన్ని ఫార్ములాల్లోనూ డోసు తగ్గించండి, ఎఫ్3లో ఒక్కదానిలో కాదు.

వీటితోపాటు రెండు కంట్రోళ్లు (పోల్చుకోవడానికి పెట్టుకునేవి) తప్పనిసరి. ఒకటి, నూనె లేకుండా ట్వీన్ ద్రావణంలో కరిగించిన కర్క్యుమిన్. రెండోది, ఉత్త ఎంసీటీ నూనెలో కర్క్యుమిన్. చాలామంది మెథనాల్ ద్రావణంతో పోల్చి "మా ఎమల్షన్ అద్భుతం" అంటారు. ట్వీన్ మిసెల్స్‌తో పోల్చినప్పుడే నూనె నిజంగా ఏం చేసిందో బయటపడుతుంది.

5. తయారీ

గదిలో లైట్లు తగ్గించండి. పసుపు లైట్ ఉంటే ఇంకా మంచిది. కర్క్యుమిన్‌ని నూనెలో 50, 60 డిగ్రీల దగ్గర తిప్పుతూ కరిగించండి, అడుగున ఒక్క రేణువూ కనబడకూడదు. ట్వీన్‌ని బఫర్‌లో విడిగా కలపండి. నూనెని నీళ్లలోకి సన్నటి ధారగా పోస్తూ హోమోజినైజర్‌తో చిలికితే ముద్ద పసుపు రంగు మజ్జిగలాంటిది వస్తుంది.

తరువాత బీకర్‌ని ఐస్‌లో పెట్టి ప్రోబ్ దించండి. ప్రోబ్ మొన ద్రవం మధ్యలో ఉండాలి, అడుగుకి తగలకూడదు, పైకి వచ్చి నురగ పట్టకూడదు. 5 సెకన్లు ఆన్, 5 సెకన్లు ఆఫ్, మొత్తం 5 నుంచి 10 నిమిషాలు. రెండు నిమిషాలకోసారి థర్మామీటర్ పెట్టి చూడండి. ముద్ద పసుపు మెల్లగా పలచబడి, అంచుల దగ్గర నీలం జీర తేలుతుంది. ఆ జీర కనబడితే సైజు బాగా తగ్గినట్టే.

ప్రోబ్ నుంచి టైటానియం పొడి రాలుతుంది. అయ్యాక ఒకసారి సెంట్రిఫ్యూజ్ చేసి పైభాగం తీసుకోండి. సోనికేషన్ టైం, ఆంప్లిట్యూడ్ అన్ని ఫార్ములాలకీ ఒకటే ఉంచండి.

6. సైజు, పీడీఐ

పీడీఐ అంటే బిందువుల సైజులు ఒకదానికొకటి ఎంత తేడాగా ఉన్నాయో చెప్పే అంకె. నీళ్లతో పలచన చేసి, సైజు కొలిచే యంత్రంలో చదవండి, మూడుసార్లు. మొదటి రోజు, 7వ రోజు, 30వ రోజు. ట్వీన్ లాంటి నాన్‌అయానిక్ (చార్జి లేని) సర్ఫాక్టెంట్‌కి జీటా పొటెన్షియల్, అంటే బిందువు మీది చార్జి కొలత, తక్కువగా వస్తుంది. ప్లస్ లేదా మైనస్ 30 మిల్లీవోల్టులు రాలేదని టెన్షన్ పడకండి. ఇక్కడ బిందువుల్ని దూరంగా ఉంచేది కరెంటు చార్జి కాదు, ట్వీన్ గొలుసుల అడ్డం.

7. విడుదల పరీక్ష, నేను పప్పులో కాలేసిన చోటు

డయాలిసిస్ బ్యాగ్ (చిన్న అణువుల్నే బయటికి పోనిచ్చే పొర సంచి), 12 నుంచి 14 కిలోడాల్టన్లది. రాత్రంతా నానబెట్టి, 1 మి.లీ. ఎమల్షన్ నింపి రెండు కొసలూ గట్టిగా కట్టండి. బయట 100 మి.లీ. బఫర్, నోటిమందుకి 37 డిగ్రీలు, చర్మానికైతే 32. బీకర్ చుట్టూ ఫాయిల్.

మీ బ్యాగ్‌లో ఉన్నది 0.3 మి.గ్రా. అంతా బయటికి వస్తే 100 మి.లీ.లో మి.లీ.కి 3 మైక్రోగ్రాములు. సింక్ కండిషన్ (బయటి బఫర్ మందుతో నిండిపోకుండా ఉండటం) ఉండాలంటే ఆ బఫర్‌లో కర్క్యుమిన్ కనీసం దానికి మూడింతలు, అంటే మి.లీ.కి 9 మైక్రోగ్రాములు కరగగలగాలి. ఉత్త బఫర్‌లో అది జరగదు. 1 శాతం ట్వీన్ 80 గానీ, 30 శాతం ఇథనాల్ గానీ కలిపి, కరిగే మొత్తాన్ని మీ చేత్తో కొలిచి చూసుకోండి.

ఇప్పుడు నా కథ. నేను మొదటిసారి చేసినప్పుడు పుస్తకంలో ఉన్నట్టే పీహెచ్ 7.4 ఫాస్ఫేట్ బఫర్ పెట్టాను. ఆరు గంటలదాకా గ్రాఫ్ చక్కగా లేచింది, తరువాత 60 శాతం దగ్గర బల్లపరుపుగా ఆగింది. "సస్టెయిన్డ్ రిలీజ్!" అని గైడ్‌గారికి చూపించాను. ఆయన గ్రాఫ్ వంక చూడనే లేదు. "మిగతా 40 శాతం బ్యాగ్‌లో ఉందా? కోసి చూశావా?" అన్నారు. కోసి చూస్తే బ్యాగ్‌లో ఉన్నది పది శాతం కూడా లేదు. తక్కినదంతా బయటికి వచ్చి బఫర్‌లో విరిగిపోయింది. పీహెచ్ 7.2 ఫాస్ఫేట్ బఫర్‌లో, 37 డిగ్రీల దగ్గర, ఏ రక్షణా లేని కర్క్యుమిన్ అరగంటలో సుమారు 90 శాతం పోతుందని 1997 నుంచీ తెలిసిన విషయమే. నాకే తెలియలేదు. ఒక పక్క మందు వస్తోంది, ఇంకో పక్క పోతోంది, రెండూ సమానమైన చోట గీత పడుకుంది. దాన్నే నేను విడుదల నెమ్మదించిందని చదివాను.

అందుకని మీరు ఇలా చేయండి. చర్మానికైతే పీహెచ్ 5.5 బఫర్ వాడండి, కర్క్యుమిన్ అక్కడ నిలబడుతుంది. నోటిమందుకి 6.8 కావాలంటే, అదే బఫర్‌లో అంతే గాఢతలో కర్క్యుమిన్‌ని విడిగా 24 గంటలు ఉంచి ఎంత పోతుందో ముందు చూడండి. 0.5, 1, 2, 4, 6, 8, 12, 24 గంటలకి 2 మి.లీ. తీసి, అంతే కొత్త బఫర్ పోయండి, తీసిన మందుని లెక్కలో కలపండి. చివర్లో బ్యాగ్ కోసి లోపలిది మెథనాల్‌తో కడిగి కొలవండి. లోపలిదీ బయటిదీ కలిపి 90 శాతానికి తక్కువైతే ఆ గ్రాఫ్‌ని నమ్మొద్దు.

ట్వీన్ ద్రావణం కంట్రోల్‌ని కూడా బ్యాగ్‌లో పెట్టండి. విడి ట్వీన్ అణువులు ఆ పొరలోంచి పోతాయి, మిసెల్స్ పోవు. కాబట్టి ఎఫ్2 మీరనుకున్నంత వేగంగా రాకపోతే ఆశ్చర్యపోకండి. మిసెల్‌లో చిక్కుకున్న మందు నూనె వదిలినా బ్యాగ్ వదలలేదు. నిజమైన విడుదలకీ, బ్యాగ్ చూపించే విడుదలకీ తేడా అది.

హిగుచి, కోర్స్‌మేయర్-పెప్పాస్ అని నాలుగు మోడళ్లలో వేసి ఆర్ స్క్వేర్ ఎక్కువ వచ్చిందాన్ని పట్టుకోవడం ఆనవాయితీ. అడుగుతారు కాబట్టి వేయండి. కానీ అవి ఆయింట్‌మెంట్లకీ, పాలిమర్లకీ పుట్టిన సమీకరణాలు. నూనె బిందువు గురించి అవి చెప్పగలిగేది కొంచెమే. సగం మందు రావడానికి పట్టిన టైం రాసుకోండి, పోల్చుకోవడానికి అదే పనికొస్తుంది.

8. వెలుతురు పరీక్ష

మందుల మీద వెలుతురు ప్రభావాన్ని పరీక్షించడానికి ఐసీహెచ్ (మందుల నియంత్రణ నియమాల అంతర్జాతీయ సంస్థ) ఇచ్చిన క్యూ1బీ మార్గదర్శకం 1996 నాటిది. అందులో చెప్పింది కనీసం 12 లక్షల లక్స్ గంటల వెలుతురు (లక్స్ అంటే వెలుతురు కొలత), దానితోపాటు చదరపు మీటరుకి కనీసం 200 వాట్ గంటల నియర్-యూవీ, అంటే కనిపించే కాంతికి పక్కనే ఉండే యూవీ. మీ చాంబర్ 8,000 లక్స్ ఇస్తే 150 గంటలు పడుతుంది. డాబా మీద మిట్టమధ్యాహ్నం ఎండ సుమారు లక్ష లక్స్, పన్నెండు గంటల్లో తేలుతుందని షార్ట్‌కట్ వెతుకుతారు కొందరు. అక్కడ మేఘం వస్తుంది, సీసా వేడెక్కుతుంది. వెలుతురుకి పోయిందో, వేడికి పోయిందో చెప్పలేరు. డాబా వద్దు.

ప్రతి శాంపిల్‌కీ ఫాయిల్ చుట్టిన జంట సీసా పక్కనే పెట్టండి. రెండిటికీ ఉన్న తేడాయే వెలుతురు చేసిన పని. మామూలు గాజు సీసా యూవీని కొంత ఆపుతుంది కదా అని ధీమా వద్దు. కర్క్యుమిన్ పీల్చుకునేది 425 నానోమీటర్ల దగ్గర, అది కంటికి కనిపించే కాంతే. ట్యూబ్‌లైట్ చాలు దాన్ని చంపడానికి.

ఇక డోసు ఎందుకు మార్చొద్దన్నానో చూడండి. మి.లీ.కి 0.3 మి.గ్రా. కర్క్యుమిన్ ఉంటే, ఒక సెంటీమీటరు లోతుకి దాని అబ్జార్బెన్స్ (కాంతిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) లెక్క ప్రకారం 40 పైనే. అంటే గోరు మందం కంటే తక్కువ లోతులోనే నీలికాంతి 90 శాతం ఆగిపోతుంది. పైపొర మాడిపోతూ అడుగుపొరకి గొడుగు పడుతుంది. డోసు పెంచితే గొడుగు ఇంకా మందం, మిగిలిన శాతం ఎక్కువ కనిపిస్తుంది. ఫార్ములా గొప్పతనం ఏమీ లేదు అందులో. కాబట్టి ఒకే డోసు, ఒకే సీసా, ఒకే లోతు. రోజుకోసారి సీసాల స్థానాలు మార్చండి, చాంబర్ మధ్యలోనూ మూలలోనూ లక్స్ ఒకటి కాదు.

తీసిన ప్రతి శాంపిల్‌నీ మెథనాల్‌తో పలచన చేసి బిందువుల్ని పగలగొట్టాకే చదవండి. లేకపోతే బిందువులు చెదరగొట్టిన కాంతిని కూడా మందు కింద లెక్కేస్తారు. విరిగాక వచ్చే వానిలిన్, ఫెరూలిక్ ఆసిడ్ లాంటివి 425 దగ్గర పెద్దగా పీల్చవు కాబట్టి యూవీతో పని నడుస్తుంది. కానీ మీరు కొన్నది "95 శాతం" పొడి అయితే అందులో కర్క్యుమిన్‌తోపాటు డీమెథాక్సీ, బిస్‌డీమెథాక్సీ అనే ఇద్దరు తమ్ముళ్లు కూడా ఉంటారు. ముగ్గురూ ఒకే వేగంతో పోరు. స్పెక్ట్రోఫోటోమీటర్ ముగ్గుర్నీ కలిపి చూపిస్తుంది. ఆఖరి శాంపిళ్లయినా హెచ్‌పీఎల్‌సీ మీద పెట్టించండి.

ఫలితాల్లో ఒక చిత్రం కనబడొచ్చు. పాలలా తెల్లగా ఉన్న పెద్ద బిందువుల ఎమల్షన్ కాంతిని చెదరగొట్టి కొంత తనే అడ్డుకుంటుంది. అద్దంలా తేటగా ఉన్నది కాంతిని లోపలిదాకా పోనిస్తుంది. కంటికి ఇంపుగా ఉన్న ఫార్ములానే వెలుతురుకి ముందు పడిపోతే, కారణం కొంత ఇదే.

చర్మానికి రాసేదైతే సీసా పరీక్షతో ఆపొద్దు. పెట్రి డిష్‌లో పలచటి పొరలా పరిచి మళ్లీ పెట్టండి. గొడుగు లేని చోట ఫార్ములా అసలు బలం తెలుస్తుంది. సీసాలో పక్కపక్కన నిలిచిన ఎఫ్1, ఎఫ్5 ఇక్కడ విడిపోవచ్చు.

9. రెండూ ఒకే కాగితం మీద

అడ్డంగా సగం మందు రావడానికి పట్టిన గంటలు, నిలువుగా వెలుతురు తరువాత మిగిలిన శాతం. ఒక్కో ఫార్ములాకీ ఒక్కో చుక్క పెట్టండి. విడుదల వేగం పెంచిన మార్పులు చాలావరకు ఎడమకీ కిందికీ జారతాయి. ఎఫ్5 లాంటి మార్పు మాత్రం పక్కకి కదలకుండా పైకి లేస్తే అది ఉచితంగా వచ్చిన లాభం, వదులుకోవద్దు. ఎడమకీ రాక, పైకీ లేవక కుడి అడుగున ఉండిపోయిన చుక్క రెంటికీ చెడ్డ రేవడి. ఎఫ్3 అక్కడికి చేరుతుందేమో చూడండి.

ఇప్పుడు మొదటి పేజీలో రాసుకున్న వాక్యం తీయండి. నోటిమందైతే ఎడమ పక్క చుక్కల్లోంచి ఎంచుకోండి. అంబర్ గాజు 450 నానోమీటర్ల లోపు కాంతిని చాలావరకు ఆపేస్తుంది, సీసా చేయగలిగిన పనిని ఫార్ములా మీద రుద్దక్కర్లేదు. సీసాని మెడదాకా నింపండి, పైన గాలి ఎంత తక్కువుంటే అంత మంచిది. చర్మానికి రాసేదైతే ఏ సీసా కాపాడదు. ట్వీన్ తగ్గించి, టోకోఫెరాల్ ఉంచి, విడుదల కాస్త నెమ్మదించినా సరే పైన ఉన్న చుక్కనే తీసుకోండి. ఎంచుకున్న ఫార్ములాని వేరే రోజు, వేరే ట్వీన్ సీసాతో మళ్లీ మూడు బ్యాచ్‌లు చేసి, చుక్క అదే చోట పడుతోందో లేదో చూశాకే థీసిస్‌లో ఎక్కించండి.